తీగకును యంత్రమునకును పొత్తు

మాదాపురపు రాతిగుట్టల నడుమ సైబర్ టవర్స్ అను పదియంతస్తుల సౌధమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన దినమునుండియే హైదరాబాదునకు సాంకేతికవిద్యలతో చుట్టరికము కలిగినదని తలచువారు పెక్కురు కలరు. కాని 1933లో చిరాగ్ అలీ గల్లీలో ఒక పౌరుని స్వప్రయత్నముగా మొదలై, 1935లో నిజాము ప్రభుత్వమునకు సంక్రమించి, 1950లో ఆకాశవాణిలో లీనమైన దక్కన్ రేడియో చరిత్రము నెఱిగినవారికి, ఈ నగరపు గగనమున రేడియో తరంగములు అంతకు అఱువదియైదేండ్ల పూర్వమే సంచరించినవని వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రసారసంస్థల కథ ఇట్లుండగా, జీతము నాశింపక, లాభము నపేక్షింపక, స్వహస్తములతో యంత్రములు కట్టి లోకముతో సంభాషించిన అమెచ్యూర్ రేడియోవాదులగు హామ్‌ల కథ మఱియొకటి కలదు. ఏరియల్‌ను యంత్రముతో పొందుపఱచు విద్యయే ఆ కథకు ప్రాణసూత్రము.

హామ్‌లు మిక్కిలిగా మసలు 7 మెగాహెర్ట్జ్ ప్రాంతమున అర్ధతరంగపు డైపోల్‌నకు సుమారు 20 మీటర్ల తీగ కావలెను. తగినంత యెత్తున కట్టిన ఆ తీగకు నడిమి ఇంపీడెన్సు, అనగా విద్యుత్తునకు ఎదురగు నిరోధము, 70 ఓముల ప్రాంతమున నుండును గనుక, 50 ఓముల కోయాక్సియల్ కేబులుతో దానిని యంత్రమునకు కలుపుట సుకరము. అదే తీగతో 14 మెగాహెర్ట్జ్‌పై పలుకనెంచితిమేని ఆ సంఖ్య వేల ఓములకు పెరుగును. విశాలమైన కాలువ ఇఱుకు తూమునకు తగిలినప్పుడు నీరు వెనుకకు మళ్ళునట్లు, శక్తిలో అధికభాగము తిరుగుముఖము పట్టును. ఎస్‌డబ్ల్యూఆర్ అని హామ్‌లు చెప్పుకొను స్థిరతరంగ నిష్పత్తి 3 అయినచో, ఏరియల్‌ను చేరిన శక్తిలో నాలుగవవంతు మరలివచ్చును. కాయిళ్ళను, గ్యాంగ్ కండెన్సర్లను కూర్చి, ఈ వైషమ్యము యంత్రమునకు తగులకుండ సవరించు పెట్టెయే ట్యూనరు.

ఈ సవరణవిద్య రేడియో యంత్రముతో సమవయస్కము. జెప్పెలిన్ ఆకాశనౌకలనుండి వ్రేలాడదీసిన ఏరియల్ 1909 నాటిది. దానినే పిమ్మట హామ్‌లు రెండు సమాంతరపు తీగల ఫీడరుతో తమ యిండ్లపై నెత్తుకొనిరి. 1934లో ఆర్థర్ కాలిన్స్ ప్రచారమునకు తెచ్చిన ‘పై’ (π) నెట్‌వర్కు, వాల్వు యంత్రముల గర్భముననే స్థిరపడి, రెండు మరలను త్రిప్పినంతనే నానావిధములైన ఏరియళ్ళతో పొత్తు కుదుర్చుచుండెను. ట్రాన్సిస్టరు యంత్రములు వచ్చిన పిదప ఆ సౌలభ్యము తొలగినది. అవి 50 ఓములనే కోరును. ఎస్‌డబ్ల్యూఆర్ హెచ్చినచో ఆత్మరక్షణార్థము తమ శక్తిని తామే తగ్గించుకొనును. ఆనాటినుండి ట్యూనరు వేఱుపెట్టెగా హామ్ బల్లపై ఆవశ్యకమయ్యెను. ఎలక్ట్రానిక్ విడిభాగములకు పేరుపొందిన కోఠి గుజరాతీ గల్లీ గల ఈ నగరమున దానిని ఇంటనే కట్టుకొనుట అసాధ్యము కాదు. పాత వాల్వు రేడియోలోని గ్యాంగ్ కండెన్సరును, రాగితీగ చుట్టిన ప్లాస్టిక్ గొట్టమును అల్పశక్తి ప్రసారమునకు చాలును.

1983లో ఎస్. సూరి సంకల్పమున హైదరాబాదున వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ వేడుకను సేవాధర్మముగా మార్చెను. 1999 ఒడిశా పెనుతుపానునందును, 2001 భుజ్ భూకంపమునందును ఆ సంస్థ హామ్‌లు వార్తాసేతువులైరి. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున అండమాను కేగిన భారతీ ప్రసాద్, 26వ తేదీన సునామీ విరుచుకుపడగా, పోర్ట్ బ్లెయిర్ నుండి విపన్నుల వార్తలను దూరతీరములకు చేర్చెను. ఆపత్సమయమున కొలత ప్రకారము తీగ కట్టుటకు స్తంభములు దొరకవు. చిక్కిన యెత్తున చిక్కినంత తీగను వ్రేలాడదీసి పలుకవలెను. ట్యూనరు మహిమ అట్టివేళలనే సంపూర్ణముగ వెల్లడియగును.

నేటి మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురములలో స్థలసంకటమే నిత్యసమస్య. ఇరువది మీటర్ల తీగ చాచుటకు డాబాపై చోటుండదు. ఉన్నను నివాసుల సంఘపు అనుమతి కావలెను. పాదములక్రింది శిలామయభూమి మంచి విద్యుద్వాహకము కాదు గనుక నిలువు ఏరియల్‌నకు రేడియల్ తీగలు పఱవక తప్పదు. ఎల్ఈడీ దీపములును, ఛార్జర్లును పుట్టించు రొద క్షీణస్వరములను మ్రింగివేయును. ఇట్టిచోట హ్రస్వమైన తీగను, బాల్కనీలో నిమిడెడు లూపును ఆశ్రయించుట అనివార్యము; అందులకు ట్యూనరే ఊతము.

ఇక్కడ నవశిక్షితులు మఱువరాని సత్యమొకటి కలదు. బల్లపైని ట్యూనరు యంత్రమును తృప్తిపఱచునే గాని, ట్యూనరునకును ఏరియల్‌నకును నడుమ గల కేబులులోని స్థిరతరంగములను మాన్పదు. డాబా వఱకు ప్రాకు పొడవైన సన్నని కోయాక్స్‌లో శక్తి వేడిమిగా నశించుచుండగా, మీటరు ముల్లు మాత్రము సంతృప్తికరముగ నిలుచును. కావుననే ట్యూనరును ఏరియల్ మొదట నుంచుట గాని, నష్టము స్వల్పమైన సమాంతరపు ఫీడరును వాడుట గాని శ్రేయస్కరము.

సెల్ టవర్లు కూలిననాడు నగరమునకు దిక్కగు విద్య యిది. కావున గృహసంఘముల పెద్దలు డాబాపై ఒక మూలను హామ్‌లకు విడువవలెను. సైబరాబాదు యువ ఇంజినీర్లు అమెచ్యూర్ రేడియో పరీక్ష నిచ్చి, లైసెన్సు పొంది, ఒక ట్యూనరునైనను తమ చేతులతో కట్టి చూడవలెను.