బడికి సెలవు, కూలికి కాదు: 14–18 ఏళ్ల పిల్లలు, ఎండాకాలం పని, ప్రభుత్వ డబ్బు

వేసవి ఉపాధి పథకం అంటే బడి సెలవుల్లో పేద కుటుంబాల పిల్లలకు ప్రభుత్వమే కూలి చెల్లించి, భద్రమైన చోట కొన్ని వారాలు పని నేర్పే ఏర్పాటు. న్యూయార్క్ నగరంలో ఇది 1963 నుంచి ఉంది. మన దగ్గర పిల్లలు సెలవుల్లో పని చేస్తూనే ఉన్నారు. కానీ ఆ పనికి ప్రభుత్వ డబ్బు రాదు.

సెలవుల్లో జరిగేది

తెలంగాణలో బడులకు ఈ మధ్య ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు ఇస్తున్నారు. అవే రోజుల్లో సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు మూతపడతాయి. మూడు పూటల తిండి ఖర్చు మళ్లీ ఇంటి మీద పడుతుంది. జనగామలో వడ్ల కల్లాలు, పెళ్లిళ్ల సీజన్ క్యాటరింగ్. మహబూబాబాద్ వైపు ఎండలు ముదిరేదాకా సాగే మిర్చి ఏరుడు. భూపాలపల్లి అడవుల్లో తునికాకు. ఆకును 50 చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు, లెక్క కట్టకు ఇంత అని. ఇలాంటి గుత్త పనుల్లో ఎన్ని చేతులు పడితే అంత కూలి. పిల్లల కష్టం తల్లిదండ్రుల పేరు మీదే జమ అవుతుంది, విడిగా ఎక్కడా కనిపించదు.

చట్టం చెప్పేది

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. అయితే బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబానికి సాయం చేయవచ్చని ఒక మినహాయింపు ఉంది. ప్రమాదకరమైన పనులకు అది వర్తించదు. కులవృత్తిని పిల్లల మీదికి దించే దారి ఇదేనన్న విమర్శ అప్పుడే వచ్చింది.

14 నిండి 18 నిండని వారిని చట్టం కౌమారులు అంటుంది. గనులు, పేలుడు పదార్థాల వంటి ప్రమాదకర పనుల్లో వీరిని పెట్టకూడదు. మిగతా చోట్ల మూడు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు. గంట విరామంతో కలిపి రోజు మొత్తం ఆరు గంటలే. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని కూడదు. ఎండలకు భయపడి కూలి పని మొదలయ్యేదే తెల్లవారుజామున. కాబట్టి ఈ నియమం కాగితం మీదే ఉంటుంది.

డబ్బు ఎక్కడ ఆగుతోంది

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. ఉమ్మడి వరంగల్ జిల్లా 2006లో తొలి విడతలోనే చేరింది. కానీ ఆ చట్టం పని హామీ ఇచ్చింది 18 నిండినవారికే. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో వచ్చినప్పుడు 21–24 ఏళ్ల వారికే ఉద్దేశించింది. దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన 15 ఏళ్ల నుంచి తీసుకుంటుంది గానీ, అది చదువు ఆపేసినవారిని ఉద్యోగంలో పెట్టే శిక్షణ. జూన్‌లో బడికి తిరిగి వెళ్లే వారికి పనికిరాదు.

పని నుంచి విడిపించిన పిల్లల పేరున ప్రభుత్వం జిల్లా పునరావాస నిధిలో రూ.15,000 వేయాలని 2016 సవరణ చెబుతోంది. అంటే పట్టుబడ్డాకే డబ్బు. తెలంగాణ పోలీసుల ఆపరేషన్ స్మైల్ జనవరిలో, ముస్కాన్ జులైలో జరుగుతాయి. సెలవులు ఈ రెండింటికీ మధ్యన పడతాయి.

బయటి అనుభవం

న్యూయార్క్ పథకంలో 14–24 ఏళ్ల వారిని లాటరీ ద్వారా ఎంపిక చేస్తారు. షికాగోలో 2012లో హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల విద్యార్థులకు ఎనిమిది వారాలు, వారానికి 25 గంటలు, కనీస వేతనంతో పని ఇచ్చారు. పని దొరికిన వారిలో హింసాత్మక నేరాల అరెస్టులు 16 నెలల్లో 43 శాతం తగ్గాయని 2014లో ‘సైన్స్’ పత్రికలో అచ్చైన అధ్యయనం తేల్చింది. మన పరిస్థితి వేరు. ఇక్కడ మొదట తేల్చాల్సింది, సెలవుల్లో పనికి పోయిన పిల్లల్లో జూన్ 12న తిరిగి బడికి వచ్చేది ఎందరని.

ఏం అడగాలి

డబ్బుకు చట్టబద్ధమైన దారి ఉంది. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం జనాభా నిష్పత్తిలో కేటాయింపు కోరుతుంది. 2011 లెక్కల్లో రాష్ట్రంలో ఎస్సీలు 15.45 శాతం. ఆ ఖర్చు ఎస్సీ, ఎస్టీలకు నేరుగా చేరాలి. ఖర్చు కాని సొమ్ము మరుసటి ఏడాదికి బదలాయించాలి. గ్రంథాలయాలు, మొక్కల నర్సరీలు, పంచాయతీ రికార్డుల కంప్యూటరీకరణ వంటి చోట్ల ఆరు వారాల పనికి ఈ నిధి నుంచి కూలి ఇవ్వమని అడగవచ్చు. కూలి పిల్లల సొంత ఖాతాలో పడాలి. పని వేళలు చట్టం చెప్పినట్టే ఉండాలి. ఆ వారాల్లో హాస్టల్ తెరిచి భోజనం పెట్టాలి.

ఒక షరతు మాత్రం రాతపూర్వకంగా ఉండాలి: ఊడ్చే పని, మోరీ పని, కళేబరాల పని ఈ పిల్లలకు ఇవ్వకూడదు. ఆ మాట రాయకపోతే కులం అప్పజెప్పిన పనికే ప్రభుత్వం కూలి కడుతుంది. ఆ పని నుంచి బయటపడటానికే ఈ పిల్లలు బడికి వచ్చారు.