ధ్వని ముందా, లెక్క ముందా?

స్కానింగు తెర మీద కదలాడే బూడిదరంగు బొమ్మను చూస్తే ఫొటో లాంటిదే అనిపిస్తుంది. నిజానికి అది చీకటిలో చప్పుడు చేసి, తిరిగివచ్చిన ప్రతిధ్వనులను లెక్కగట్టి గీసిన బొమ్మ. చెవికి అందని ఆ చప్పుడును మన పాఠ్యపుస్తకాలు అతిధ్వని అన్నాయి. ఇక్కడా ఆ మాటే వాడుకుందాం. ఆ లెక్క వేగం పుంజుకున్న వైనమే ఈ వ్యాసం.

ముందుగా ప్రకృతి గీసిన గీత ఒకటుంది. శరీరపు మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. 15 సెంటీమీటర్ల లోతుకు వెళ్ళి తిరిగిరావడానికి దాదాపు 195 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు 5,000కు కాస్త పైగా మాత్రమే ధ్వనిస్పందనలు పంపగలం. స్పందనకు ఒక గీత చొప్పున, 128 గీతలతో ఒక బొమ్మ కూర్చితే, సెకనుకు 40 బొమ్మలు వస్తాయి. ఈ పద్ధతిలో అంతకు మించి ఏ యంత్రమూ ఇవ్వలేదు.

తొలినాళ్ళలో ఆ హద్దు దాకా పోయినవారే లేరు. గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, లోహాల్లో పగుళ్ళు వెతికే యంత్రాన్ని 1955లో రోగుల శరీరం నుంచి తీసిన కణితుల మీద పరీక్షించాడు. 1958లో జాన్ మెక్‌వికార్, ఇంజనీరు టామ్ బ్రౌన్‌లతో కలిసి లాన్సెట్ పత్రికలో ఫలితాలను ప్రకటించాడు. ఆనాటి స్కానర్లలో శోధినిని పొట్ట మీద నెమ్మదిగా జరుపుతూ ఒక్క నిశ్చల చిత్రాన్ని కూర్చుకునేవారు. ఈలోగా గర్భస్థ శిశువు కదిలితే బొమ్మ చెదిరిపోయేది. ధ్వని తన పని ఎప్పుడో ముగించేది, ఆలస్యమంతా మనిషి చేతిది.

చేతిని తప్పించడానికి 1960లలో జర్మనీకి చెందిన సీమెన్స్ సంస్థ తన విడోసన్ యంత్రంలో శోధినులను మోటారుతో తిప్పింది. నెదర్లాండ్స్‌లో 1968లో యాన్ సోమర్, 1971లో నికోలాస్ బోమ్ ఆ తిప్పడాన్నీ మానిపించారు. బోమ్ శోధినిలో 20 చిన్న స్ఫటికాలు వరుసగా ఉండేవి. వాటిని విద్యుత్తుతోనే వంతులవారీగా పలికిస్తే, కొట్టుకుంటున్న గుండె తెర మీద కనిపించింది.

ఇక్కడినుంచి భారం లెక్క మీద పడింది. ఒకే బిందువు నుంచి వచ్చే ప్రతిధ్వని ఒక్కో స్ఫటికాన్ని ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ తేడాలను సరిచేసి అన్నింటినీ కూడితేనే బిందువు స్పష్టంగా తేలుతుంది. స్ఫటికాల వరుస వెడల్పయిన కొద్దీ బొమ్మ తేటపడుతుంది, కూడికలూ పెరుగుతాయి. 1983లో అమెరికాలో వచ్చిన అక్యూసన్ 128 పేరులోనే దాని 128 చానళ్ళ గొప్ప ఉంది.

అయినా రక్తప్రవాహాన్ని చూపడం మిగిలిపోయింది. ఒకేచోటికి పలుమార్లు ధ్వని పంపి, వరుస ప్రతిధ్వనుల మధ్య తరంగం ఎంత జరిగిందో చూస్తే రక్తపు వేగం తెలుస్తుంది. కానీ ఎన్ని కణాలు ఏ వేగంతో పోతున్నాయన్న పూర్తి పట్టికను తెర మీది ప్రతి బిందువుకూ తయారుచేయడం ఆనాటి యంత్రాలకు తలకు మించిన పని. జపాన్‌లో కసాయి, నమెకావా బృందం 1985లో ప్రచురించిన ఉపాయం ఆ పట్టికనే పక్కనపెట్టింది. జాతరలో ఒక్కొక్కరి నడకనూ కొలవకుండా, గుంపు మొత్తం మీద ఎంత జరిగిందో చూసినట్టు, వరుస ప్రతిధ్వనులను గుణించి, కూడి, సగటు వేగాన్ని మాత్రం రాబట్టారు. శోధిని వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయేదానికి నీలం వేశారు. పసిబిడ్డ గుండె గోడలోని రంధ్రం గుండా రక్తం చిమ్మడాన్ని కోత లేకుండా, అప్పటికప్పుడు చూసే భాగ్యం వైద్యులకు కలిగింది. ఇందులో వేగమంతా ఏ లెక్క అక్కరలేదో గుర్తించడం వల్ల వచ్చిందే.

తరువాతి అడుగు ధ్వని హద్దును దాటడం. ధ్వనిని వేగిరపరచలేము గాని, ఒక్కో స్పందన నుంచి ఎక్కువ రాబట్టుకోవచ్చు. 1984లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు ఒక్క స్పందన నుంచి ఏకకాలంలో నాలుగు గీతలు గీశారు. పారిస్‌లో మథియాస్ ఫింక్, మికాయెల్ తాంతెర్ బృందం ఇంకా ముందుకు పోయి, సన్నని పుంజానికి బదులు చదునైన అలను ఒకేసారి ఒళ్ళంతా పరచింది. అప్పుడు ఒక్క స్పందనే ఒక పూర్తి బొమ్మ. ఆ బొమ్మ మసకగా ఉంటుంది కనుక, వేర్వేరు కోణాల్లో పంపిన అలల ఫలితాలను కలిపి తేటపరిచే పద్ధతిని ఆ బృందమే 2009లో వివరించింది.

ఈ వేగానికి చెల్లించే మూల్యం లెక్కే. 256 నిలువు, 256 అడ్డం బిందువుల బొమ్మకు 128 చానళ్ళ విలువలను కూడాలంటే, ఒక్క అలకే 84 లక్షల కూడికలు. సెకనుకు 5,000 అలలైతే 4,000 కోట్లు దాటుతాయి. వీడియో ఆటల కోసం పుట్టిన గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఆదుకున్నది ఇక్కడే. ప్రతి బిందువు లెక్కా పక్కదానితో సంబంధం లేనిది కనుక, వేలాది లెక్కలను ఒకేసారి పంచుకోవడం వాటికి సరిగ్గా సరిపోయింది. 2007లో ఎన్విడియా సంస్థ కూడా అనే సాధనాన్ని విడుదల చేశాక, ఆ ప్రాసెసర్లను ఇలాంటి పనులకు మలచుకోవడం సులువైంది. కణజాలంలో సెకనుకు కొద్ది మీటర్లు పాకే ప్రకంపనను వెంటాడి, కాలేయం ఎంత గట్టిపడిందో సూది గుచ్చకుండా అంచనా వేయడం ఈ వేగం ఇచ్చిన వరమే.

2015లో పారిస్ పరిశోధకులే ఎలుక రక్తంలోకి సూక్ష్మమైన వాయుబుడగలను పంపి, సెకనుకు 500 చొప్పున వేలాది బొమ్మలు తీసి, ఒక్కో బుడగ జాడను గుర్తించి, మెదడులోని పది మైక్రాన్ల పాటి నాళాలను సైతం చిత్రించారు. బొమ్మలు తీయడానికి నిమిషాలే పట్టినా, జాడలన్నీ పేర్చే లెక్క ఆ తరువాతే సాగింది.

డొనాల్డ్ కాలంలో ధ్వని పని ముగించి మనిషి చేతి కోసం ఆగేది. బోమ్ యంత్రంలో వైద్యుడు ధ్వని కోసం ఆగాడు. ఇప్పుడు మళ్ళీ ధ్వనే ముందు వచ్చి, లెక్క కోసం కాచుకుని ఉంది. మంచం మీద పడుకున్న రోగికి మాత్రం కావలసింది ఒక్కటే. తాను ఊపిరి బిగబట్టి ఉన్న ఆ కాసేపట్లో జవాబు తెర మీదికి రావాలి.