ప్రొపేను వర్తకుల సంఘం – దాని చరిత్ర

ముడి పెట్రోలియంను శుద్ధి చేసేటప్పుడూ, సహజవాయువు నుండి ఇతర వాయువులను వేరుపరచేటప్పుడూ లభించే పదార్థాలలో ప్రొపేను ఒకటి. మామూలు పీడనంలో ఇది −42 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగుతుంది. తగినంత పీడనం కలిగిస్తే మామూలు వేడిమిలోనే ద్రవంగా మారుతుంది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 270 లీటర్ల వాయువు వస్తుంది. అందుచేత ఎంతో ఇంధనాన్ని చిన్న ఉక్కు సిలిండరులో నింపి, గొట్టాల గ్యాసు చేరని పల్లెలకు పంపవచ్చు.

ప్రమాదం కూడా ఈ గుణాలలోనే ఉన్నది. ప్రొపేను వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. కారినప్పుడు అది నేలమీదనే పరుచుకొని, పల్లపు చోట్ల నిలిచిపోతుంది. గాలిలో 2 శాతానికి కొంచెం పైబడి కలిసినా నిప్పురవ్వ తగిలితే మండుతుంది. పైగా సహజంగా దానికి రంగూ లేదు, వాసనా లేదు.

ఇట్టి పదార్థాన్ని ఇంటింటికీ అమ్మిన అమెరికా వర్తకులు, ఒకరితో ఒకరు పోటీ పడుతూనే ఒక సంఘంగా ఏర్పడినారు. ఆ సంఘం చేసిన పని తెలుసుకోదగినది.

పరిశోధన నుండి వర్తకానికి

1910లో అమెరికా గనుల శాఖలో పనిచేస్తున్న వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, పెట్రోలు నిలవ ఉండక ఆవిరైపోవడానికి కారణమేమిటని పరీక్షించాడు. అందులో ప్రొపేను, బ్యూటేను వంటి వాయువులు కలిసి ఉన్నవని గ్రహించి, వాటిని వేరుచేసే పద్ధతిని కనిపెట్టాడు. 1912లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక పల్లె ఇంటికి మొదటిసారిగా ఈ వాయువును అమర్చడం జరిగినది. 1913లో స్నెల్లింగ్‌కు పేటెంటు లభించినది. దానిని ఆయన ఫ్రాంక్ ఫిలిప్స్ అనే పెట్రోలియం వ్యాపారికి 50,000 డాలర్లకు అమ్మివేశాడు.

1922లో ఆ దేశం మొత్తంమీద అమ్మకం సుమారు 2 లక్షల 23 వేల గాలన్లు మాత్రమే. 1927 నాటికి అది 10 లక్షలు దాటినది. వర్తకం పెరిగిన కొద్దీ ఒక చిక్కు కూడా పెరిగినది. ఒక ఊరిలో ఒక వర్తకుని అజాగ్రత్త వలన ఇల్లు కాలితే, జనులు ఆ వర్తకుని మాత్రమే కాక ఆ వాయువునే శంకిస్తారు. అప్పుడు నష్టం అందరిదీ అవుతుంది. కనుక భద్రత విషయంలో పోటీదారులు సైతం ఏకం కావలసి వచ్చినది. 1931లో జాతీయ స్థాయిలో సీసా వాయువు వర్తకుల సంఘం స్థాపితమైనది. తరువాత పేర్లు మారి, అదే నేటి జాతీయ ప్రొపేను వాయు సంఘమైనది.

వాసన విలువ

1932లో అమెరికా జాతీయ అగ్ని నివారణ సంస్థ ఈ వాయువుల నిలవకు, వాడకానికి తొలి ప్రమాణాలను ఆమోదించినది. వాయువుకు వాసన కలిపే పద్ధతి కూడా ఆ కాలంలోనే వ్యాపించినది. ఆ వాసన ఎంత అవసరమో 1937 మార్చి 18న లోకానికి తెలిసినది. ఆనాడు టెక్సాసు రాష్ట్రంలోని న్యూ లండన్‌లో ఒక పాఠశాల పేలిపోయి సుమారు 300 మంది మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలు. అక్కడ కారినది ప్రొపేను కాదు, సహజవాయువు. కాని దానికీ వాసన లేదు. భవనం అడుగున అది చేరినట్లు ఎవరికీ తెలియలేదు. ఆ సంవత్సరమే టెక్సాసులో వాయువుకు వాసన కలపాలని శాసనం వచ్చినది.

ప్రొపేనులో సాధారణంగా కలిపేది ఇథైల్ మర్‌కాప్టన్. 10,000 గాలన్ల ద్రవానికి ఒక పౌను చాలు. మండగల గాఢతలో అయిదవ వంతు ఉన్నప్పుడే ముక్కు పసిగట్టాలని నియమం. 1945 నాటికి సాలీనా అమ్మకం 100 కోట్ల గాలన్లకు చేరినది.

ప్రభుత్వం ఎదుట

సంఘం పనులు రెండు విధాలు. మొదటిది సభ్యులకు తోడ్పాటు: సిలిండర్లు నింపేవారికి, బండ్లు నడిపేవారికి, ఇళ్లలో పొయ్యిలు అమర్చేవారికి శిక్షణ. రెండవది ప్రభుత్వం ఎదుట వాదించడం. 2013–14 శీతకాలంలో అమెరికాలో ప్రొపేను కొరత ఏర్పడి, పల్లె ఇళ్లకు వెచ్చదనం కరువైనప్పుడు, సంఘం కోరికపై కేంద్ర ఇంధన నియంత్రణ సంఘం 2014 ఫిబ్రవరి 7న తన అత్యవసర అధికారాన్ని మొదటిసారిగా వినియోగించినది. గొట్టపు మార్గంలో ఇతర సరుకులకంటె ముందుగా ప్రొపేనును పంపవలసినదని ఆజ్ఞాపించినది.

అయితే వర్తకుల వాదంలో స్వలాభం కూడా ఉంటుంది. 1996లో వచ్చిన శాసనం ఈ సంగతి గుర్తించినది. వాసన కలిపిన ప్రతి గాలనుపై అర సెంటుకు మించని రుసుము వసూలు చేసి, పరిశోధనకు, శిక్షణకు, ప్రజా భద్రతకు, ప్రచారానికి ఖర్చు చేయడానికి అది వేరే మండలిని ఏర్పాటు చేసినది. శాసన సభ్యులపై ప్రభావం చూపడానికి మాత్రం ఆ ధనాన్ని వాడరాదన్నది. ఇతర ఇంధనాలకంటె ప్రొపేను ధర మితిమీరి పెరిగితే, ప్రచారం మాని పరిశోధన, శిక్షణ, భద్రతలకే పరిమితం కావాలన్నది. 2009లో ఈ నిబంధన అమలులోకి రానే వచ్చినది.

మన వంటయింటి సిలిండరులో ఉన్నది బ్యూటేను, ప్రొపేనుల మిశ్రమం. దాని ఘాటు వాసన కూడా ఇట్లా కలిపినదే. ఆ వాసన సోకగానే స్విచ్చులు ముట్టక, మంటలు ఆర్పి, రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ తెరవాలి. వర్తకులు, అధికారులు నియమాలు ఏర్పరచగలరు. వాటిని ఇంట్లో ఆచరించవలసినది మాత్రం వాడేవారే.