పర్యావరణ డీఎన్‌ఏ: అనంతపురం పీఠభూమి చెరువులు, జలాశయాలు

నీటిలో, అడుగు మట్టిలో జీవులు విడిచిపెట్టే పొలుసులు, జిగురు, విసర్జితాలు, కుళ్లిన కణజాలం ద్వారా మిగిలే జన్యుపదార్థాన్ని పర్యావరణ డీఎన్‌ఏ (ఈ-డీఎన్‌ఏ) అంటారు. జీవిని పట్టకుండా, కంటితో చూడకుండా, సీసాడు నీటితో దాని ఉనికిని తేల్చే పద్ధతికి కూడా ఇదే పేరు వాడుకలో ఉంది. ఈ వ్యాసం ఆ పద్ధతిని అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల నీటి వనరులకు అన్వయించి చూస్తుంది. 2022 ఏప్రిల్ 4 దాకా ఈ రెండూ ఒకే జిల్లా కాబట్టి, పాత ఆధారాల్లో ‘అనంతపురం’ అన్నచోటల్లా రెండింటినీ కలిపి చదువుకోవాలి.

నీటి నేపథ్యం

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమే అన్న మాట నివేదికల నుంచి పత్రికల దాకా తిరుగుతూనే ఉంది. జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లో బాడ్మేర్, బికనీర్‌లలో, లద్దాఖ్‌లోని లేహ్‌లో ఇంతకంటే చాలా తక్కువ పడుతుంది కనుక ఆ మాట అక్షరాలా నిలవదు. దక్షిణాదిలో అత్యల్ప వర్షపాతం ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి అనడం వరకు సమంజసం. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండేస్తాయి. ఈశాన్య రుతుపవనాల బలం తూర్పు తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి సన్నగిల్లుతుంది.

పెన్న కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి పీఠభూమిని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటి, తూర్పుకు మళ్లుతుంది. చిత్రావతి దాని ఉపనది. పడమటి అంచున పారే హగరికి (వేదవతి) మాత్రం పెన్నతో సంబంధం లేదు. అది భైరవానితిప్ప మీదుగా ఉత్తరానికి సాగి తుంగభద్రలో, ఆ దారిన కృష్ణలో కలుస్తుంది. అంటే సహజ స్థితిలో ఇక్కడ రెండు వేర్వేరు పరీవాహకాలు, రెండు వేర్వేరు చేపల సముదాయాలు ఉండాలి. ఈ విభజనను మొదట చెరిపింది తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ). తుంగభద్ర నీరు ఈ కాలువలో వచ్చి పెన్న మీది పెన్నహోబిలం, మధ్య పెన్న జలాశయాలకు చేరుతుంది. ఆ తర్వాత హంద్రీ-నీవా వచ్చింది. శ్రీశైలం వెనుకజలాలను ఎత్తిపోసే ఆ పథకం ద్వారా 2012లో కృష్ణ నీరు జీడిపల్లి జలాశయానికి చేరింది. ఈ పీఠభూమిలో నీటి జన్యు పరీక్ష చేయదలచినవారు జాతుల పట్టికకంటే ముందు కాలువల పటం దగ్గర పెట్టుకోవడం మంచిది. కారణం కింద తెలుస్తుంది.

చెరువుల్లో చాలావాటిని విజయనగర కాలానివిగా చెబుతారు. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువును బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో కట్టించాడన్నది ప్రచారంలో ఉన్న కథనం. ఊరి పేరు ఎవరి మీదుగా వచ్చిందన్న విషయంలో గాథలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.

పద్ధతి ఆవిర్భావం

ఆరంభ సంవత్సరం ఏదన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అడుగు మట్టి నుంచి సూక్ష్మజీవుల డీఎన్‌ఏను నేరుగా వేరుచేసిన 1987 నాటి ఓగ్రమ్ బృందం పనిని కొందరు మొదటిదిగా లెక్కిస్తారు. చెరువుల పరిశీలకులకు దగ్గరైన తేదీ 2008 అనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో బయటినుంచి వచ్చి స్థిరపడిన అమెరికా బుల్‌ఫ్రాగ్ ఏ కుంటల్లో ఉందో ఆ ఏడాది ఫిచెతోలా బృందం కేవలం నీటి నమూనాలతో చెప్పగలిగింది. 2011లో అమెరికాలో షికాగో జలమార్గాల్లో ఆసియా కార్పు చేపల జాడ ఇలాగే తీశారు. ఈ రెండు సందర్భాల్లోనూ వెతికింది చొరబాటు జాతినే అన్నది గుర్తుంచుకోదగ్గది.

నేడు రెండు దారులున్నాయి. మొదటిది ఒకే జాతి డీఎన్‌ఏకు అతుక్కునే పొట్టి ముక్కలతో (ప్రైమర్లతో) ఆ డీఎన్‌ఏను ప్రతులుగా పెంచే క్వాంటిటేటివ్ పీసీఆర్ చేసి ‘ఉందా, లేదా’ తేల్చడం. రెండోది మెటాబార్‌కోడింగ్. ఇందులో అన్ని చేపలకూ పనికొచ్చే ప్రైమర్లతో డీఎన్‌ఏను పెంచి, సీక్వెన్స్ చేసి, వచ్చిన లక్షల వరుసలను జన్యు భాండాగారాలతో పోల్చుతారు. చేపలకు ఎక్కువగా వాడే ‘మైఫిష్’ ప్రైమర్లు (2015) మైటోకాండ్రియాలోని 12ఎస్ జన్యువులో సుమారు 170 అక్షరాల ముక్కను చదువుతాయి. ఆ ముక్క పొట్టిది కావడం వల్ల పాడైన డీఎన్‌ఏలోనూ దొరుకుతుంది. అదే కారణంగా దగ్గరి బంధువులైన జాతులను కొన్నిసార్లు విడదీయలేదు.

హైదరాబాద్ పరిశోధనలు

తెలుగు నేలపై ఈ విద్యకు కేంద్రం హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, దాని అనుబంధంగా అత్తాపూర్‌లో ఉన్న అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్. పునాది పాతదే. ఏ జంతువు అవశేషమైనా అది ఏ జాతిదో చెప్పేందుకు సైటోక్రోమ్-బి జన్యువుపై పనిచేసే సార్వత్రిక ప్రైమర్లను సునీల్ కుమార్ వర్మ, లాల్‌జీ సింగ్ 2000ల ఆరంభంలో రూపొందించారు. వాటి ఉద్దేశం నేర పరిశోధన, వేట కేసులు. ఆ ఆలోచనే తర్వాత నీటికీ పాకింది. నీటిలో జన్యుజాడ తీయవచ్చన్న సంగతి మామూలు పాఠకుడికి చేరింది మాత్రం 2020 ఆగస్టులో. హైదరాబాద్ మురుగునీటిలో కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏను కొలిచి, నగర జనాభాలో దాదాపు 6 శాతం మందికి, అంటే సుమారు 6.6 లక్షల మందికి, అది సోకి ఉండవచ్చని సీసీఎంబీ, భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ అప్పుడు అంచనా వేశాయి.

లాకోన్స్‌కు చెందిన శివకుమార మను, గోవిందస్వామి ఉమాపతి ఒడిశాలోని చిలికా సరస్సు నీటిపై చేసిన పని వేరే తరహాది. వారు పీసీఆర్‌తో పెంచకుండా, కణాల బయట తేలే డీఎన్‌ఏను నేరుగా లోతుగా సీక్వెన్స్ చేసి, వైరస్‌ల నుంచి వెన్నెముక జీవుల దాకా ఒకే నమూనాలో చదివారు. సుమారు 1,000 కోట్ల డీఎన్‌ఏ వరుసల నుంచి వెయ్యికి పైగా కుటుంబాల జాడ దొరికిందని ప్రకటించారు. పీసీఆర్ ప్రైమర్లకు కొన్ని జాతులపై ఉండే మొగ్గు ఇందులో ఉండదు. ఖర్చు మాత్రం జిల్లా మత్స్యశాఖ కార్యాలయం మోయగలిగేది కాదు.

పీఠభూమికి ఎక్కువ దగ్గరైనది అదే బృందం తూర్పు కనుమల్లో చేసిన సర్వే. అలంకరణ తొట్లలో పాచి తింటుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన కవచపు క్యాట్‌ఫిష్‌ను తెలుగు పత్రికలు ‘దెయ్యం చేప’ అంటున్నాయి. ఈ-డీఎన్‌ఏ ఆధారిత క్వాంటిటేటివ్ పీసీఆర్‌తో వెతికితే తూర్పు కనుమల నీటి వనరుల్లో 60 శాతం దాకా అది వ్యాపించినట్టు తేలింది. దాని గట్టి ముళ్ల రెక్కలు వలలను చింపుతాయి, మార్కెట్‌లో కొనేవారుండరు, అందుకే అది జాలరులకు రెండింతల నష్టం. వల వేసి లెక్కించే సర్వేలో రాళ్ల సందుల్లో, గట్ల బొరియల్లో దాగే ఈ చేప తక్కువగా పడుతుంది. నీటిలో దాని డీఎన్‌ఏ దాగదు.

చెరువు కట్ట మీద

పద్ధతి చెప్పినంత సులువుగా ఇక్కడ సాగదు. శీతల దేశాల తేట సరస్సుల్లో లీటరు, రెండు లీటర్ల నీటిని 0.45 మైక్రాన్ల వడపోత పొర గుండా పంపడం మామూలే. తొలకరికి వంక పారి చెరువుకొచ్చే నీరు ఎర్రమట్టితో చిక్కగా ఉంటుంది. సిరంజితో నొక్కుతుంటే కాసేపటికే పొర ఇటుక రంగుకు తిరిగి బిగుసుకుంటుంది. ఇంకా బలం పెడితే పొర చిరుగుతుంది, లేదా అంచునుంచి వడపోత లేకుండానే నీరు జారిపోతుంది. పెద్ద రంధ్రాల పొరతో ముందుగా ఒకసారి వడకట్టడం, ఒకే చోట తక్కువ పరిమాణంలో నాలుగైదు పొరలు వాడి తర్వాత కలపడం, ఒండ్రు దిగేదాకా ఆగడం ఇందుకు విరుగుడు. ఆగితే ఇంకో చిక్కు. ఎండకు, సూక్ష్మజీవులకు డీఎన్‌ఏ త్వరగా విరుగుతుంది. సాధారణంగా నీటిలో దాని ఆయుష్షు కొన్ని రోజుల నుంచి నెల దాకా అని అధ్యయనాలు చెబుతాయి. వేసవి నీటి వేడికి అందులో కింది అంకెనే నమ్మడం మేలు. పొరను అక్కడికక్కడే ఆల్కహాలులోనో నిల్వ ద్రావణంలోనో వేయాలి. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి కాబట్టి ‘లేదు’ అన్న ఫలితాన్ని, అడ్డంకి పరీక్ష కూడా చేశాకే ఒప్పుకోవాలి. ఊరి నుంచి తీసుకెళ్లిన శుద్ధజలాన్ని సైతం అదే చోట వడపోసి, బయటి డీఎన్‌ఏ కలవలేదని సరిచూడటం తప్పనిసరి. దాన్ని వదిలేసిన నివేదికలను ఈ సంకలనకర్త లెక్కలోకి తీసుకోడు.

కాలువ నీటి చిక్కు

అసలు సమస్య ఇది. స్విట్జర్లాండ్‌లోని గ్లాట్ నదిలో 2014లో డైనర్, ఆల్టర్‌మాట్ చేసిన పరిశీలనలో ఎగువ సరస్సులోని జీవుల డీఎన్‌ఏ 9 నుంచి 12 కిలోమీటర్ల దిగువన కూడా దొరికింది. అక్కడది సహజ నది. హెచ్చెల్సీ సిమెంటు పూత వేసిన కాలువలో నిండుగా పారే నీరు దాన్ని ఎంత దూరం మోయగలదో ఊహించుకోవచ్చు. మధ్య పెన్నలో కృష్ణా పరీవాహకపు చేప డీఎన్‌ఏ కనబడితే ఆ చేప అక్కడ ఉందని అర్థం కావచ్చు, దాని జాడ మాత్రమే కాలువ వెంట కొట్టుకొచ్చిందని అర్థం కావచ్చు, లేదా గుడ్లో పిల్లలో వచ్చి స్థిరపడుతున్నాయని అర్థం కావచ్చు. ఒక్క నమూనా ఈ మూడింటినీ విడదీయదు. కాలువకు నీళ్లు వదలకముందు, వేసవి చివర, జలాశయం అడుగంటినప్పుడు తీసిన నమూనా, కాలువ పారుతున్నప్పటి నమూనా, కాలువ ఆగి నెల గడిచాక తీసిన నమూనా పక్కపక్కన పెట్టాలి. మూడింటిలోనూ నిలిచిన జాతినే స్థానికంగా ఉన్నట్టు రాయడం భద్రం.

దీనికి మత్స్యశాఖ చేప పిల్లల పంపిణీ తోడవుతుంది. చెరువుల్లో వదిలే బొచ్చె (కట్ల), రోహు, మృగాల పిల్లలు హేచరీల నుంచి వస్తాయి. వాటి డీఎన్‌ఏకూ నదిలోని అదే జాతి డీఎన్‌ఏకూ ఈ పరీక్షలో తేడా కనబడదు. హేచరీల్లో కట్ల-రోహు సంకరం జరుగుతుందన్నది చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది కనుక సంకర చేప నీటి పరీక్షలో అచ్చం తల్లి జాతిగానే నమోదవుతుంది. దీనికి కేంద్రక జన్యు గుర్తులు కావాలి, అంటే చేప రెక్క ముక్కైనా చేతికి రావాలి.

పోలిక భాండాగారాలనూ గుడ్డిగా నమ్మలేం. మన దేశపు నాటు క్యాట్‌ఫిష్‌ను ఎన్నో ఏళ్లు క్లారియస్ బాట్రాకస్ అని రాశారు. ఇప్పుడు దాన్ని క్లారియస్ మాగుర్‌గా లెక్కిస్తున్నారు. జన్యు భాండాగారాల్లో పాత పేరుతోనే ఉన్న వరుసలు కొన్ని ఆ చేపవి, కొన్ని ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌వి (క్లారియస్ గారీపినస్). ఈ ఆఫ్రికా చేప పెంపకాన్ని కేంద్రం 2000లో నిషేధించింది, 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెరువుల్లో ఉన్నవాటిని నాశనం చేయమంది. అయినా దొంగచాటు పెంపకం వార్తలు ఆగలేదు. చట్టపరమైన చర్యకు దారితీసే చేప విషయంలో భాండాగారపు పేరును కాక, మ్యూజియంలో భద్రపరిచిన నమూనాతో సరిపోల్చిన వరుసనే ఆధారంగా తీసుకోవాలి.

వీటన్నిటి దృష్ట్యా ఈ పీఠభూమికి చేపల మొత్తం జాబితా కట్టే మెటాబార్‌కోడింగ్‌కంటే, దెయ్యం చేప, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వంటి రెండు మూడు చొరబాటు జాతుల మీద గురిపెట్టిన పరీక్షే ముందు పనికొస్తుందన్న వాదం బలంగా ఉంది. 1952లో దేశంలోకి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా మీద అలాంటి వెతుకులాట వృథా. అది ఎక్కడున్నా వలలోనే పడుతుంది.

ఎండిన చెరువు

ఏళ్ల తరబడి చుక్క నీరు చేరని చెరువు మంచినీటి జీవావరణం కాదని అనుకోవడం పొరపాటు. వానకు నిండి నెలల్లో ఎండే కుంటల్లో ఫెయిరీ ష్రింప్‌లు (దక్షిణాదిలో స్ట్రెప్టోసెఫాలస్ డైకోటమస్), డాలు లాంటి పెంకు కప్పుకున్న ట్రయాప్స్ బతుకుతాయి. నీరు చేరిన రెండు మూడు వారాల్లో పెరిగి, గుడ్లు పెట్టి, చనిపోతాయి. గట్టి పెంకున్న ఆ గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ల తరబడి ప్రాణంతో ఉంటాయి. వేసవిలో మట్టిలో దాగే గోతి కప్పలు (స్ఫేరోథీకా), బుర్ర కప్పలు (యూపెరోడాన్) సైతం ఇదే కోవ. నీటితో పోలిస్తే మట్టిలో డీఎన్‌ఏ ఎంతో ఎక్కువకాలం నిలుస్తుంది. కనుక పూడిక పొరలను లోతు ప్రకారం తీసి చదివితే, చెరువు నిండిన ఏళ్ల జీవరాశికీ కరువు ఏళ్ల జీవరాశికీ తేడా కొంతవరకు తెలియాలి. అయితే పూడికతీత పనుల్లో ఎక్స్‌కవేటర్లతో మట్టిని తిరగేసి పొలాలకు తోలిన చెరువుల్లో ఈ వరుస చెదిరిపోయి ఉంటుంది. మట్టిని కదపని తావు తూము దగ్గర కాక, మరవకు దూరంగా, చెరువు మధ్య లోతట్టులో వెతకాలి.

మట్టిలో దొరికిన డీఎన్‌ఏ ఆ గుడ్డు బతికి ఉందో లేదో చెప్పదు. అందుకు జన్యుశాస్త్రం అవసరంలేని పాత పద్ధతి ఉంది. పిడికెడు ఎండుమట్టిని పళ్లెంలో పోసి, వాన నీళ్లు పోసి, కొద్దిరోజులు చూడటమే.