రహీం సాబ్, పోలీసు టీము, మా వైపు అడవి

2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చినప్పుడు మా ఆఫీసు కెఫెటీరియాలో ఓ వారం పాటు ఫుట్‌బాల్ కబుర్లే. మా టీములో బెంగాలీ కుర్రాడొకడు పీకే బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం అని పేర్లు గడగడా చదివేస్తుంటే, తెలుగువాళ్ళం నలుగురం "ఓహో, అలాగా" అంటూ పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాం. ఇంతకీ ఆ సినిమా ఎవరి మీద? హైదరాబాదీ కోచ్ మీద. సయ్యద్ అబ్దుల్ రహీం. మన రాజధానిలో పుట్టి, అక్కడే బడిపంతులుగా పనిచేసి, అక్కడే పోయిన మనిషి గురించి మనకి హుగ్లీ జిల్లా వాడు క్లాసు తీసుకోవాల్సొచ్చింది. నాకు కాస్త గుచ్చుకుంది. ఆ తర్వాత దొరికినవి దొరికినట్టు చదివాను. చదువుతున్న కొద్దీ ఇంకో ప్రశ్న మొదలైంది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు ఆయన సంగతి. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, టీచరుగా చేశారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకీ, 1950 నుంచి ఇండియా టీముకీ కోచ్. క్లబ్ కోచ్ అంటే ఇప్పుడు మనకి సూటు వేసుకుని టచ్‌లైన్ దగ్గర చూయింగ్ గమ్ నమిలే మనిషి గుర్తొస్తాడు. ఈయన బడిపంతులు. ఆటగాళ్ళు కానిస్టేబుళ్ళు. ఫుట్‌బాల్ బాగా ఆడితే పోలీసు ఉద్యోగం వస్తుందన్నది ఆ రోజుల్లో హైదరాబాద్ బస్తీల్లో పేద పిల్లలకి చాలా పెద్ద మాట.

ఆ కానిస్టేబుళ్ళు ఏం చేశారో చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చారు. 1950లో ఢిల్లీలో డ్యురాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. కోల్‌కతా వాళ్ళ దృష్టిలో ఫుట్‌బాల్ వాళ్ళ సొంత ఆస్తి. ఆ ఆస్తి మీద దక్కను నుంచి వచ్చిన పోలీసోళ్ళు కేసు గెలిచినట్టు :). కోల్‌కతా క్లబ్బులు దీనికి జవాబు ఎలా చెప్పాయంటే, హైదరాబాద్ నుంచి ఆటగాళ్ళని కొనుక్కుపోవడం మొదలెట్టాయి. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జరిగేదే, కొత్తేమీ కాదు. ట్రైనింగ్ ఒకచోట, జీతం ఇంకోచోట.

రహీం గారి పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పిల్లలకి ఆయన పెట్టిన టోర్నమెంట్లలో నిబంధనలు తమాషాగా ఉండేవి. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. అంటే కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. లోపమెక్కడుందో చూసి, ఆ లోపం కప్పిపుచ్చుకునే దారులన్నీ మూసేసి, ఆడుకోరా నాయనా అని వదిలేయడం. దీంట్లో లెక్చర్ లేదు, బోర్డు మీద బొమ్మ లేదు. ఆటే పాఠం. పంతులుగారి బుర్ర అంటే ఇదీ! 4-2-4 అనే అమరికతో 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ వాళ్ళు పేరు తెచ్చుకున్నారు. అలాంటి ఏర్పాటుని ఆయన అంతకుముందే హైదరాబాద్‌లో ప్రయత్నించారని ఆయన శిష్యులు గట్టిగా చెప్పేవారు. ఎవరు ముందు అన్న పందెం నేను కాయను గానీ, ఆయన అప్పటి యూరప్ ఆటని శ్రద్ధగా గమనించేవాడన్నది నిజం.

బలరాం గారి కథ కూడా చెప్పుకోవాలి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, పేద తమిళ కుటుంబం. రహీం సాబ్ కంట్లో పడ్డాడు. ప్రాక్టీసుకి సిటీకి రమ్మంటే, రావడానికి సైకిల్ లేదు. సైకిల్ అద్దెకి రహీం సాబే డబ్బులిచ్చేవారట, బలరాం గారు ముసలితనంలో ఇచ్చిన ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ అద్దె సైకిల్ కుర్రాడు 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962 జకార్తా టీములోనూ ఉన్నాడు.

విజయాల లెక్క చెప్పేటప్పుడు కొంచెం నిజాయితీగా చెప్పుకుందాం, ఎందుకంటే ఫార్వర్డ్ మెసేజిల్లో ఇవి బాగా ఉబ్బుతాయి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, ఫైనల్లో ఇరాన్ మీద 1-0, గోల్ కొట్టింది మేవాలాల్. కానీ ఆ పోటీలో ఆడినవి ఆరు జట్లే. మరుసటి ఏడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1. చాలామంది మనవాళ్ళు వట్టికాళ్ళతో ఆడారు. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. మొదటి రౌండులో ఆడాల్సిన హంగరీ రాలేదు, కాబట్టి గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. కానీ ఆ ఒక్కటీ ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించడం, నెవిల్ డిసౌజా హాట్రిక్. అది డిసెంబర్ 1. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడి సరిగ్గా నెల. ఆ టీములో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం ఉన్నారు, అందరూ మన రహీం సాబ్ చేతి మీద పెరిగినవాళ్ళే. సెమీస్‌లో అదే యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే, చివరికి 4-1తో ఓడిపోయాం. 10-1 నుంచి 4-1కి నాలుగేళ్ళు పట్టింది. నాకు పతకాలకన్నా ఈ తేడాలోనే కోచ్ కనబడతాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ఇంత జరిగితే మా వైపు ఈయన పేరెందుకు వినబడలేదు?

మా వైపు అంటే బూర్గంపాడు, పాల్వంచ, భద్రాచలం. ఏ జిల్లా అనడగకండి, అదో పెద్ద వెర్షన్ హిస్టరీ. 1950లో బూర్గంపాడు, పాల్వంచ హైదరాబాద్ రాష్ట్రంలో వరంగల్ జిల్లా. 1953లో ఖమ్మం జిల్లా అయ్యింది. గోదారి అవతల భద్రాచలం అప్పట్లో మద్రాసు రాష్ట్రం, తూర్పు గోదావరి జిల్లా. 1959లో వచ్చి ఖమ్మంలో కలిసింది. గోదారి మీద వంతెన 1965లో వచ్చింది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రకి వెళ్ళాయి, 2016లో మాది భద్రాద్రి కొత్తగూడెం అయ్యింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, చిరునామాలే తిరిగాయి.

రోవర్స్ కప్పు మొదటిసారి వచ్చిన 1950లో ఆ అడవుల్లో ఏం జరుగుతోందో గుర్తు తెచ్చుకోండి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. సాయుధ పోరాటం ఆగలేదు. మైదానాల్లో నిలవలేక దళాలు పాల్వంచ, ఇల్లెందు, గోదావరి అడవుల్లోకి వచ్చాయి. వాళ్ళ వెనకే సైన్యం, పోలీసు వచ్చాయి. దళాలకి అన్నం దొరక్కుండా చేయాలని కోయ గూడేలని ఖాళీ చేయించి క్యాంపుల్లోకి తోలారు. సుందరయ్య గారు 1972లో రాసిన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ కాలం గురించి చాలా వివరంగా ఉంది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా మా తాతల తరానికి 'హైదరాబాద్ పోలీసు' అన్న మాటకి ఒకటే అర్థం. చీకటి పడ్డాక కుక్కలు మొరిగితే దీపం ఆర్పేసేవాళ్ళట మా ఇంట్లో.

సిటీ పోలీసు టీములో ఆడే కానిస్టేబులూ, అడవిలో క్యాంపు పెట్టిన జవానూ ఒకరు కారు, నాకు తెలుసు. బొంబాయి కూపరేజ్ గ్రౌండులో బంతి వెంట పరిగెత్తిన నూర్ మహమ్మద్ మా గూడెం తగలబెట్టలేదు. కానీ ఆ ఒక్క మాట 'పోలీసు' మధ్యలో గోడలా నిలబడిపోయింది. ఒకే రాష్ట్రం, ఒకే సంవత్సరం. ఒకచోట జనం పోలీసు టీము గెలిచిందని ఈదుకి కొన్నట్టు మిఠాయి కొన్నారు, మూడొందల కిలోమీటర్ల అవతల పోలీసు వచ్చిందని అడవిలోకి పరిగెత్తారు. రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పడానికి ఇంకోదాన్ని దాచక్కర్లేదు.

ఇంకో గోడ భాష. హైదరాబాద్ ఫుట్‌బాల్ జ్ఞాపకాలన్నీ ఉర్దూలో ఉండేవి, పాతబస్తీ హోటళ్ళలో ఇరానీ చాయ్ మీద నడిచేవి. తర్వాత కాస్త ఇంగ్లీషు పుస్తకాల్లోకి, చాలా ఎక్కువగా బెంగాలీలోకి వెళ్ళాయి. తెలుగులో చరిత్ర రాసేవాళ్ళకి ఆ కాలమంటే పోరాటం, విలీనం, భాషా రాష్ట్రం. అది సహజమే, నేను తప్పుపట్టను. కానీ ఫలితం ఏమిటంటే, రహీం సాబ్ మనకి డాక్యుమెంటేషన్ లేని పాత సిస్టమ్ అయిపోయారు. అది తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే రిటైరై వెళ్ళిపోయారు. పీకే, చునీ ఇద్దరూ 2020లో పోయారు. రహీం గారి కొడుకు, రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన హకీం 2021లో.

జకార్తా గురించి చెప్పకపోతే పాపం తగుల్తుంది. 1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ వాళ్ళని ఇండోనేషియా రానివ్వలేదని మన ప్రతినిధి సోంధీ గట్టిగా మాట్లాడారు, దాంతో ఊరంతా మనవాళ్ళ మీద మండిపడింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయిలాండ్ మీద గెలిచాం గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడించడం కష్టం. వేరే ఎవరైనా అయితే బెంచి మీద కూర్చోబెడతారు. రహీం గారు సెమీస్‌లో అతన్ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు! తల కుట్లతో ముందు వరసలో ఆడి దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే. లక్ష మంది దాకా జనం, మన జాతీయగీతం వినబడనంత గోల. స్టాండ్స్‌లో మన తరపున అరిచినవాళ్ళు పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళని ఆటగాళ్ళు చెప్పుకునేవారు. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఆ తర్వాత బంగారం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, అప్పటి కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే.

జకార్తా నుంచి వచ్చాక ఆయనకి ఎక్కువ రోజుల్లేవు. ఊపిరితిత్తుల కేన్సర్, 1963 జూన్ 11న పోయారు. సిగరెట్లు బాగా తాగేవారు. ఆయన పెంచిన పంట ఇంకో రెండేళ్ళు కాసింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌ని ఓడించి సంతోష్ ట్రోఫీ తెచ్చింది. ఆ తర్వాత నెమ్మదిగా ఎండిపోయింది. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. ఈయన పేరు మీద పద్మ లేదు, ద్రోణాచార్య లేదు.

మన గచ్చిబౌలి తరానికి మాత్రం కోచ్ అంటే మనోలో మార్కెజ్. స్పెయిన్ ఆయన, 2020 నుంచి 2023 దాకా హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చాడు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమర్చే మిత్రులు నాకున్నారు. విడ్డూరం ఏమిటంటే, కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన ఏడాది సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మరుసటి సీజన్ గచ్చిబౌలిలో ఆడారు. ఆయన వెళ్ళిపోయాక జీతాల గొడవలు, 2023-24లో అట్టడుగు స్థానం, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. రహీం సాబ్ టీముకి స్పాన్సరర్ పోలీసు శాఖ కాబట్టి కనీసం నెల జీతం ఖాయంగా వచ్చేది.

కిన్నెరసాని దగ్గర గిరిజన పిల్లల క్రీడా పాఠశాల ఉంది. మా వైపు వాళ్ళకి వాలీబాల్, కబడ్డీ వచ్చినంత ఫుట్‌బాల్ రాదు. బలహీనమైన కాలి టోర్నమెంటు పెట్టడానికి మాత్రం స్టేడియం అక్కర్లేదు, ఒక బంతి, ఒక మొండి పంతులు చాలు. ఈసారి దసరాకి వెళ్ళినప్పుడు అక్కడి పీఈటీ మాస్టార్లెవరికైనా ఈ సంగతి చెబుదామనుకుంటున్నా.

బలరాం గారు 1963లో ఆరోగ్యం దెబ్బతిని 27 ఏళ్ళకే ఆట మానేశారు. చివరి రోజులు హైదరాబాద్‌లో కాదు, కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో గడిచాయి. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు. ఆ మర్నాడు నేను చదివిన తెలుగు పేపర్లో ఆటల పేజీ అంతా క్రికెట్టే. ఆ వార్త వెతికితే కింద మూల ఒక చిన్న పేరాలో కనబడింది, రహీం పేరు లేకుండా.