కవలల్లో ఒకరికే తీరని అలసట

ఆరు నెలలు దాటినా తగ్గదు, విశ్రాంతి తీసుకున్నా తీరదు, కొద్దిపాటి పనికే మర్నాడు మంచం పట్టిస్తుంది. ఇదీ క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. దీన్ని ఖాయంగా పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. దీని మూలాలు వెతికే పరిశోధకులకు కవలలు ముఖ్యమైన ఆధారమయ్యారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు ఒక్కటే. వేర్వేరు అండాల కవలలకు మాత్రం మామూలు తోబుట్టువులకున్నంత పోలికే ఉంటుంది. ఇద్దరికీ జబ్బు రావడం మొదటి రకం జంటల్లో ఎక్కువగా కనిపిస్తే వారసత్వానికి అందులో పాత్ర ఉందనుకోవచ్చు.

1875లో ఫ్రాన్సిస్ గాల్టన్ కవలల చరిత్రలను సేకరించాడు. 1924లో జర్మన్ చర్మవైద్యుడు హెర్మన్ సీమెన్స్ ఆ ఆలోచనను ఒక పద్ధతిగా మలిచాడు. దాన్ని ముందుగా పెద్దయెత్తున ప్రయోగించిన జబ్బుల్లో క్షయ ఒకటి. 1943లో న్యూయార్క్‌లో కాల్మన్, రైస్నర్ ఇచ్చిన లెక్క ప్రకారం ఇద్దరికీ క్షయ వచ్చిన జంటలు మొదటి రకంలో సుమారు 87 శాతం, రెండో రకంలో 26 శాతం. తర్వాత బ్రిటన్‌లో జరిగిన ప్రాఫిట్ సర్వేలో ఆ అంకెలు 32, 14 శాతాలకు దిగాయి. కవలలను ఎక్కడి నుంచి ఎంచుకున్నారు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారా అన్నదాన్ని బట్టి జవాబు ఎంతగా మారుతుందో ఈ తేడా చెబుతుంది. 1978లో జార్జ్ కామ్‌స్టాక్ ఆ సర్వే లెక్కలు మళ్లీ వేసి, మిగతా కారణాలు పక్కన పెట్టినా వారసత్వ పాత్ర కొంత మిగులుతుందని తేల్చాడు.  

ఈ పద్ధతి తెలుగు నేలకు కుష్ఠు మీద పరిశోధనతో వచ్చింది. చక్రవర్తి, ఫోగెల్ ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో 102 జంటలను పరిశీలించి 1973లో ఫలితాలు ప్రచురించారు. ఇద్దరికీ జబ్బున్న జంటలు ఒకే అండం కవలల్లో 60 శాతం, తక్కినవారిలో 20 శాతం. సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బులోనూ ఒంటి తత్వానికి ఇంత బలం ఉండటం ఆలోచించదగ్గ విషయం.

అలసట వంతు ఆలస్యంగా వచ్చింది. 1988లో అమెరికా వైద్యులు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్న పేరును ఖాయం చేశారు. 1994లో నిర్వచనం సవరించారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డెడ్రా బుక్‌వాల్డ్ బృందం ఈ జబ్బున్న కవలల రిజిస్ట్రీని తయారు చేసింది. 2001లో వారు 146 మహిళా జంటల ఫలితాలు ప్రకటించారు. వేరే ఏ జబ్బూ కారణం కాని దీర్ఘకాలిక అలసట ఇద్దరిలోనూ కనిపించిన జంటలు ఒకే అండం కవలల్లో 55 శాతం, తక్కినవారిలో 19 శాతం.

అంతకంటే విలువైన పని ఒకరికి జబ్బుండి మరొకరు ఆరోగ్యంగా ఉన్న 22 జంటలతో జరిగింది. అందరూ ఒకే అండం కవలలే. జబ్బున్నవారు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పారు. తీరా తలకు తీగలు అతికించి నిద్రను కొలిస్తే ఇద్దరి నిద్రా ఇంచుమించు ఒకేలా ఉంది. వైరస్ ఆనవాళ్లలోనూ, మెదడు రక్తప్రసరణ చిత్రాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. రోగులను బయటివారితో పోల్చినప్పుడు జబ్బు గుర్తులుగా తోచేవి కొన్ని నిజానికి ఆ కుటుంబపు గుర్తులే కావచ్చు. తోడపుట్టినవారితో పోల్చకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు. అలాగని రోగి బాధ అబద్ధమని ఎవరూ అనుకోకూడదు. ఆ కొలతలకు అందని చోట కారణం ఉందని మాత్రమే దాని అర్థం.

స్వీడన్ కవలల రిజిస్ట్రీ ఇంకా పెద్ద లెక్క ఇచ్చింది. 2005లో సల్లివన్ బృందం 31 వేలకు పైగా కవలలను పరిశీలించింది. మరుసటి ఏడు కాటో బృందం, పాతికేళ్ల ముందు తీవ్ర ఒత్తిడి ఉందని చెప్పినవారికి తర్వాత ఈ రకం అలసట వచ్చే ముప్పు ఎక్కువని చూపింది. ఆ సంబంధాన్ని వారసత్వంతో వివరించడం కుదరలేదు. ఇక 2025లో ఎడిన్‌బరో కేంద్రంగా సాగిన డీకోడ్‌ఎంఈ పరిశోధన 15,579 మంది రోగుల డీఎన్‌ఏ చూసి, జన్యుపటంలో ఎనిమిది చోట్ల జబ్బుతో సంబంధమున్న గుర్తులు ప్రకటించింది.

భారతదేశంలో అలసట మీద జరిగిన ముఖ్యమైన పని కవలలది కాదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం సాధారణ మహిళల మధ్య చేసి, 2005లో ప్రచురించిన సర్వే అది. ఆరు నెలలకు పైబడిన అలసట 12 శాతం మందిలో ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్‌తో దానికి సంబంధం కనబడలేదు. పేదరికం, మానసిక వేదన మాత్రం దానికి తోడుగా కనిపించాయి. తెలంగాణలోని వికారాబాద్, తాండూరు పల్లెల్లో నీరసమన్న మాటకు గ్లూకోజ్ బాటిల్, బలం సూది, ఐరన్ మాత్రలతో సరిపెడితే చాలదని ఈ ఫలితం హెచ్చరిస్తోంది. తాండూరు నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవారికి రాతిదుమ్ము వల్ల ఊపిరితిత్తులు చెడి ఉండొచ్చు, క్షయ ఉండొచ్చు. ముందు వాటిని పరీక్షించాలి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలూ చేయాలి. ఇవేవీ కావని తేలాక కూడా మనిషి లేవలేకపోతుంటే వైద్యుడు ఆ మాటను నమ్మి, ఇంట్లో తోబుట్టువుల ఆరోగ్యం గురించి కూడా అడిగి రాసుకోవాలి.