వార్తల వరుసకు కావలి



గోదావరిఖని ప్రాంతమువారికి లాంపురూమును గూర్చి నేను చెప్పవలసిన పని లేదు. బాయి దిగు కార్మికుడు తన నంబరు గల దీపమును అచటనే తీసికొనును. షిఫ్టు ముగిసి పైకి వచ్చిన పిదప అచటనే అప్పగించును. దిగినవారెందరో, వెలికి వచ్చినవారెందరో ఆ గది చెప్పును. దీపము తిరిగి రానిచో మనిషి యింకను భూగర్భమున నున్నాడని యర్థము. ఈ దినమున, కంటికి కనబడని మరియొక బాయికి ఇట్టి కావలి యేర్పడిన విధమును మనవి చేసెదను. యంత్రజ్ఞులు దానిని మెసేజి క్యూ సర్వరందురు. మనము వార్తల వరుస యందము.

ఇదేమి యనగా: ఒక కంప్యూటరు వార్తలను వేగముగా పంపును, మరియొకటి మెల్లగా పుచ్చుకొనును. నడుమ నొక యంత్రము వానిని వరుసగా నిలిపి, ఒక్కొక్కదానినే యందించి, ముట్టినట్లు రసీదు వచ్చిన పిమ్మట తన లెక్కనుండి కొట్టివేయును. తపాలా కచేరిలోని సంచియు చేయునది యిదియే కదా!

వరుసలో నిలుచుట వార్తలకు క్రొత్త కాదు. మన దేశమున తంతి 1855లో ప్రజలకు లభించెను. 2013 జూలైలో ముగిసెను. ఆ నడిమి కాలమంతయు తంతికచేరి బల్లపై కాగితములు తమ వంతుకై వేచియే యుండెను. ఎంత వేచిన నెక్కు వగునని గణితముతో నిర్ణయింప పూనినవాడు డెన్మార్కు దేశస్థుడగు ఎర్లాంగు. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు, ఆతడు 1909లో తన తొలి వ్యాసమును ప్రకటించెను. 1993లో ఐ.బి.ఎం. సంస్థ వార్తల వరుసకై ఎం.క్యూ.సిరీస్ అను సాధనమును విక్రయింప నారంభించెను. 2003లో లండను నగరమున జాన్ ఒహారా యను బ్యాంకు ఉద్యోగి, ఎవరి యంత్రమైనను వాడుకొనదగు ఉమ్మడి పద్ధతికి శ్రీకారము చుట్టెను. ఆ పద్ధతి ననుసరించి 2007లో రాబిట్ ఎం.క్యూ. వెలువడెను. వింత యేమనగా, అది వ్రాయబడిన కంప్యూటరు భాష పేరు కూడ ఎర్లాంగే!

ఇవి యన్నియు మనకేల యందురేమో. కొంతకాలము క్రిందట నా మనుమరాలి కళాశాల రుసుమును ఫోనుద్వారా చెల్లించితిని. నా ఖాతానుండి సొమ్ము పోయెను. రసీదు మాత్రము రాలేదు. గడువు ఆ రాత్రితోనే సరి. రసీదు లేనిదే సీటు లేదు. ఆ రాత్రి మా యింట నెవరికిని కునుకు పట్టలేదు. మరునాటి మధ్యాహ్నమున రసీదు వచ్చెను. పిల్ల సీటు దక్కెను. కారణమేమని నేను విచారింపగా తెలిసిన దిది: సర్వరు చక్కగనే యుండెను, పచ్చదీపమును వెలుగుచుండెను. వార్తలను పుచ్చుకొనవలసిన ప్రోగ్రాము మాత్రము నిలిచిపోయెను. కావలివారు యంత్రము బ్రతికియున్నదా యని చూచిరి కాని, వరుస కదలుచున్నదా యని చూడలేదు.

ఇట్టి వరుసలను కనిపెట్టియుండు ఉద్యోగములో నున్న నా పూర్వశిష్యు డొకడు కావలి పెట్టు విధమును నాకిట్లు వివరించెను. మొదట, వచ్చు వార్తలెన్ని, పోవు వార్తలెన్ని యని నిమిషనిమిషమునకు లెక్క కట్టవలెను. బాయిలో నూరు నీటికంటె పంపు తోడు నీరు తక్కువైనచో నేమగునో మీరెరుగుదురు. రెండవది, అన్నిటికంటె ముందు వచ్చి యింకను వేచియున్న వార్త వయస్సెంత? వరుస పొడుగుకంటె నిది ముఖ్యము. మూడవది, పుచ్చుకొనబడియు రసీదు రాని వార్తలెన్ని? నాలుగవది, చేరవలసిన చోటికి చేరలేక ప్రక్కకు త్రోయబడినవెన్ని? వీనికి ఇంగ్లీషువారు మృతలేఖలని పేరిడిరి. తపాలావారి పాతమాటయే యిది. ఐదవది, సర్వరులో చోటెంత మిగిలియున్నది? జ్ఞాపకశక్తి హద్దు మీరినచో రాబిట్ ఎం.క్యూ. పంపువారినే యాపివేయును.

ఈ లెక్కలను వ్రాసికొనుటకు సాధనములు గలవు. 2012లో పుట్టిన ప్రొమీథియస్ అట్టిదే. కొన్ని సెకనుల కొకసారి సర్వరు నడిగి తెలిసికొనును. అయినను సాధన మొక్కటియే చాలదు. హెచ్చరిక యెప్పుడు మ్రోగవలెనో మనమే నిర్ణయింపవలెను. ఇందు గని మనకు గురువు. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగు గనిలో వాయువు ప్రేలి 92 మంది మరణించిరి. 1815లో హంఫ్రీ డేవీ రక్షణదీపమును నిర్మించెను. వాయువున్నచో ఆ జ్వాలపై నీలిరంగు శిఖ కనబడును. కావున అది వెలుగు నిచ్చుటయే గాక వార్తయు చెప్పెను. మీథేను గాలిలో నూటికి 5 పాళ్లకు చేరిన ప్రేలగలదు. మన దేశపు నిబంధనలో 1.25 దాటగనే విద్యుత్తును ఆపవలెను. అనగా ప్రమాదమునకు నాలుగవ వంతులోనే మేల్కొనవలెను. ఊరకయే మ్రోగు గంటయు మంచిది కాదు. "నాన్నా, పులి" కథ యెరుగనివారెవరు?

మరియొక మాట. లాంపురూము బాయి లోపల నుండదు, పైన నుండును. అట్లే కావలియంత్రము తాను కాచు సర్వరుపై నుండరాదు. హెచ్చరిక ఆ వరుసగుండనే పోరాదు. వరుస నిలిచిన నాడు హెచ్చరికయు నిలిచిపోవును కదా!

2003 జూన్ 16వ తేదీన గోదావరిఖనిలోని 7 ఎల్.ఈ.పీ. గనిలో నీరు చొచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిరి. అట్టి దినమున గనిముఖమున నిలిచిన తల్లికి, భార్యకు గావలసినది పంపు తిరుగుచున్నదను మాట కాదు. తనవాడు పైకి వచ్చెనా యను ప్రశ్నకు జవాబు. వార్త మనిషి కాదు, నిజమే. కాని ప్రతి వార్తకును ఆవలియొడ్డున నొక మనిషి వేచియుండును: పింఛనుకై వృద్ధుడు, రుసుము రసీదుకై బాలిక. దీపము వెలుగుచున్నదని తృప్తి పడక, దిగినవారందరును పైకి వచ్చిరా యని లెక్క చూచువాడే నిజమైన కావలివాడు.